ఒంట్లో బాగోలేనప్పుడు పండుగ గిఫ్ట్‌లు సిద్ధం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పండుగ దగ్గర పడింది, ఇవ్వాల్సిన గిఫ్ట్‌లు సగం కూడా తయారవలేదు, సరిగ్గా ఇప్పుడే మీకు జ్వరమో, జలుబో, వాంతులో మొదలయ్యాయి. అలాంటివారి కోసం రాసిన పేజీ ఇది. మామూలుగా ఇంట్లోనే తగ్గిపోయే వైరస్ జబ్బుల గురించే ఇక్కడ ఎక్కువగా ఉంటుంది. మీ డాక్టర్ మీకు ప్రత్యేకంగా ఏదైనా చెప్పి ఉంటే ఆ మాటే వినండి.

నాకు జలుబో, ఫ్లూనో, కోవిడో ఉంది. నేను చుట్టిన గిఫ్ట్ విప్పినవాళ్లకు అంటుకుంటుందా?

అవకాశం ఉంది కానీ చాలా తక్కువ. ఈ మూడూ ప్రధానంగా గాలిలోంచి వస్తాయి: మనం దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, మాట్లాడినప్పుడు, అసలు ఊపిరి వదిలినప్పుడు కూడా. వస్తువు ద్వారా అంటుకోవాలంటే చాలా జరగాలి. మీ నుంచి చాలినంత వైరస్ దాని మీద పడాలి. అవతలివాళ్లు ముట్టుకునేదాకా అది బతికుండాలి. వాళ్ల వేళ్లకు అంటాలి. ఆ వేళ్లు కంటికో, ముక్కుకో, నోటికో చేరాలి. ఒక్కో దశలో కొంత వైరస్ నశిస్తూనే ఉంటుంది.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో కోవిడ్ విషయంలో ఒక అంచనా ఇచ్చింది. వైరస్ ఉన్న వస్తువును ఒకసారి తాకితే జబ్బు వచ్చే అవకాశం సాధారణంగా 10,000లో 1 కంటే తక్కువ అని.

జలుబు గురించి అంతకంటే పాత ప్రయోగం ఒకటుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జలుబు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టి గంటల తరబడి పేకాట ఆడించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కొందరి చేతులు ముఖం దాకా వెళ్లకుండా ఏర్పాటు చేశారు. అయినా వాళ్లలోనూ చాలామందికి జలుబు అంటింది. ఆ తర్వాత జలుబు ఉన్నవాళ్లు బాగా నలిపిన పేకముక్కలనే వేరే గదిలో ఇంకొందరికి ఇచ్చి 12 గంటలు ఆడించారు. వాళ్లలో ఒక్కరికీ రాలేదు. 1987లో ప్రచురించారు ఈ ఫలితాలను. ఇది ఒక్కటే చివరి మాట అనుకోవద్దు. చేతుల ద్వారా కూడా జలుబు అంటగలదని చూపించిన ప్రయోగాలు వేరే ఉన్నాయి. కానీ ఏది పెద్ద దారి, ఏది చిన్న దారి అనేది ఇక్కడ బాగా తెలుస్తుంది. మీ టెన్షన్‌లో ఎక్కువ భాగం గిఫ్ట్ గురించి కాదు, దాన్ని ఇవ్వడానికి మీరు ఎవరి గదిలోకి వెళ్తున్నారన్న దాని గురించి ఉండాలి.

వాంతులు, విరేచనాల వైరస్‌ల కథ మాత్రం పూర్తిగా వేరు. దానికి కింద విడిగా జవాబు ఉంది. మీకున్నది అదే అయితే ముందు అది చదవండి.

కాగితం, ప్లాస్టిక్, బట్ట: వీటి మీద వైరస్ ఎంతసేపు ఉంటుంది?

కోవిడ్ వైరస్ మీద 2020లో చేసిన ఒక ప్రయోగశాల పరీక్షలో అట్టపెట్టె మీద 24 గంటల తర్వాత బతికున్న వైరస్ కనిపించలేదు. ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా కనిపించింది, అదీ చాలా తగ్గిపోయి. రాగి మీద 4 గంటల్లోనే పోయింది. ఫ్లూ వైరస్ మీద 1982లో చేసిన పరీక్షల్లో స్టీలు, ప్లాస్టిక్ మీద 24 నుంచి 48 గంటలు, బట్ట, కాగితం మీద 8 నుంచి 12 గంటల లోపు బతికింది. చేతికి అంటిన ఫ్లూ వైరస్ అయితే 5 నిమిషాల్లోనే బాగా తగ్గిపోయింది.

అంటే ద్రవాన్ని పీల్చుకునే వస్తువుల మీద త్వరగా పోతుంది, నున్నటి గట్టి వస్తువుల మీద ఎక్కువసేపు ఉంటుంది. మామూలు గిఫ్ట్ పేపర్ కంటే మెరిసే ప్లాస్టిక్ కాగితం, దానికంటే లోపలి ప్లాస్టిక్ డబ్బా కొంచెం ఎక్కువ ఆలోచించాల్సినవి.

ఒక మెలిక ఉంది. 2008లో స్విట్జర్లాండ్ బ్యాంకు నోట్ల మీద ఫ్లూ వైరస్‌ను పరీక్షించారు. మామూలుగా పూసినప్పుడు ఎక్కువలో ఎక్కువ 3 రోజులు ఉంది. అదే ముక్కుచీమిడితో కలిపి పూస్తే 17 రోజుల దాకా దొరికింది. చీమిడి, కఫం వైరస్‌కు రక్షణగా పనిచేస్తాయన్నమాట. కాబట్టి కాగితం మీద తుమ్మితే, తుమ్ము తడి కనిపిస్తే, రోజులు లెక్కపెడుతూ కూర్చోకండి. ఆ కాగితం పారేసి ఇంకోటి తీసుకోండి. కవర్లో డబ్బు పెట్టి ఇచ్చే అలవాటున్నవాళ్లు కూడా ముక్కు తుడుచుకున్న చేత్తో నోట్లు లెక్కపెట్టకుండా ఉంటే చాలు.

వాంతులు, విరేచనాలు అవుతున్నాయి. గిఫ్ట్ ప్యాకింగ్ చేసుకోవచ్చా?

వద్దు. ఈ పేజీలో ఇంత గట్టిగా చెప్పే జవాబు ఇదొక్కటే.

హఠాత్తుగా వాంతులు, నీళ్ల విరేచనాలు తెప్పించే వైరస్‌లలో నోరోవైరస్ ముఖ్యమైనది. దీనికీ ఫ్లూకీ మూడు తేడాలు ఉన్నాయి. మొదటిది, ఇది అతి కొద్ది మోతాదులోనే జబ్బు తెప్పిస్తుంది. 18 వైరస్ కణాలు కూడా సరిపోవచ్చని ఒక అంచనా. రెండోది, వస్తువుల మీద రోజుల తరబడి, కొన్నిసార్లు వారాల తరబడి ఉండిపోతుంది. మూడోది, ఆల్కహాల్ శానిటైజర్ దీని మీద సరిగ్గా పనిచేయదు. ఫ్లూ, కోవిడ్ వైరస్‌లకు బయట కొవ్వుతో చేసిన పొర ఉంటుంది. సబ్బూ ఆల్కహాలూ ఆ పొరను చీల్చేస్తాయి. నోరోవైరస్‌కు అసలా పొరే లేదు. అందుకే దీన్ని చేతుల మీంచి సబ్బు, నీళ్లతో రుద్ది కడిగి పంపేయాలి తప్ప శానిటైజర్ రాసుకుని నిశ్చింతగా ఉండలేం.

2010లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన ఒక బాలికల సాకర్ జట్టులో జరిగిన సంగతి గిఫ్ట్ బ్యాగులు ఇచ్చేవాళ్లంతా తెలుసుకోవాల్సినది. టోర్నమెంట్‌కు వెళ్లినప్పుడు ఒక అమ్మాయికి హోటల్ గదిలో వాంతులయ్యాయి. చిరుతిళ్ల ప్యాకెట్లున్న ఒక సంచి ఆ బాత్రూమ్‌లో ఉంది. ఆ అమ్మాయి సంచిని ముట్టుకోలేదు. మర్నాడు ఆ సంచిలోవి తిన్న మిగతా అమ్మాయిలు జబ్బుపడ్డారు. వాంతి అయినప్పుడు గాలిలోకి లేచిన సన్నటి తుంపర సంచి మీద పడింది. రెండు వారాల తర్వాత పరీక్షించినా ఆ సంచి మీద నోరోవైరస్ ఆనవాళ్లు దొరికాయి.

అందువల్ల ఇంట్లో ఎవరికైనా వాంతులు మొదలైతే ముందుగా చేయాల్సింది ఒకటే: గిఫ్ట్‌లు, కాగితాలు, సంచులు అన్నీ బాత్రూమ్‌కూ, రోగి ఉన్న గదికీ దూరంగా తీసి బీరువాలో పెట్టి మూసేయండి. ఈ పని బాగున్నవాళ్లు చేయాలి, చేతులు కడుక్కుని చేయాలి.

వాంతులు, విరేచనాలు పూర్తిగా ఆగాక కనీసం 48 గంటలు ఇతరుల కోసం వంట చేయవద్దని నిపుణులు చెబుతారు. ప్యాకింగ్‌కూ అదే నియమం పెట్టుకోండి. ఆ తర్వాత కూడా రెండు వారాలు, అంతకంటే ఎక్కువ రోజులు మలంలో వైరస్ పోతూ ఉండవచ్చు. కాబట్టి పని మొదలుపెట్టే ప్రతిసారీ, మధ్యలో బాత్రూమ్‌కు వెళ్లొచ్చిన ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు కడగాల్సిందే.

ఆ సమయంలో బయట ఉండిపోయిన వస్తువుల సంగతేంటి?

వాంతి అయిన చోట ఉన్న కాగితం, అట్టపెట్టె, రిబ్బన్ పారేయండి. ఇది పొదుపు చూపే చోటు కాదు. ప్లాస్టిక్, గాజు, స్టీలు వస్తువులైతే శుభ్రం చేసి వాడుకోవచ్చు. ముందు సబ్బునీళ్లతో మురికి పోయేలా తుడవాలి. తర్వాత లీటరు నీళ్లలో 20 మిల్లీలీటర్ల బ్లీచ్ కలిపి, ఆ నీళ్లతో తడిపి, కనీసం 5 నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఇది మామూలుగా ఇళ్లలో వాడే సుమారు 5 శాతం బ్లీచ్‌కు లెక్క. సీసా మీద వేరే శాతం ఉంటే దాన్ని బట్టి మార్చుకోండి. ఏరోజు నీళ్లు ఆరోజే కలుపుకోవాలి, కిటికీ తీసి ఉంచాలి, చేతికి గ్లవ్స్ వేసుకోవాలి. బ్లీచ్‌లో టాయిలెట్ క్లీనర్, వెనిగర్, అమ్మోనియా ఉన్న ద్రావణం ఏదీ కలపకండి. విషవాయువులు వస్తాయి.

రంగు పోయే వస్తువులూ, లోపల బ్యాటరీ ఉన్నవీ బ్లీచ్‌కు తట్టుకోవు. అలాంటివి ఈసారికి ఇవ్వకుండా ఉంటేనే మేలు.

నాకు ఏ వైరస్ సోకిందో తెలియదు. ఏం అనుకుని జాగ్రత్త పడాలి?

లక్షణాలను బట్టి పోండి. దగ్గు, తుమ్ములు, గొంతునొప్పి, జ్వరం అయితే గాలిని జాగ్రత్తగా చూసుకోవాలి: మాస్క్, కిటికీ, దూరం. వాంతులు, విరేచనాలు అయితే చేతులను, వస్తువులను, తిండిని చూసుకోవాలి. రెండూ కలిసి ఉంటే రెండో పద్ధతిని పూర్తిగా పాటిస్తూ మొదటిదీ కలపండి. ఒంటి మీద పొక్కులో, ఎర్రటి దద్దురో వస్తే మాత్రం ఊహించుకోవద్దు, డాక్టర్‌కు చూపించాకే పనిలో దిగండి.

ఎన్ని రోజులు ఆగితే నా వల్ల ఎవరికీ రాదు?

జబ్బును బట్టి మారుతుంది. ఫ్లూ లక్షణాలు మొదలవడానికి ఒక రోజు ముందు నుంచి ఆ తర్వాత 5 నుంచి 7 రోజుల దాకా అంటుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు మరీ ఎక్కువ. కోవిడ్, ఇతర శ్వాస సంబంధ వైరస్‌ల గురించి సీడీసీ 2024లో ఇచ్చిన సలహా ఏమిటంటే, జ్వరం మందు వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేకుండా ఉండాలి, మిగతా లక్షణాలూ తగ్గుముఖం పట్టాలి, ఆ తర్వాత ఇంకో 5 రోజులు మాస్క్ లాంటి జాగ్రత్తలు కొనసాగించాలి. జలుబు లాంటి లక్షణాలతో వచ్చే ఆర్‌ఎస్‌వీ అనే శ్వాస సంబంధ వైరస్ సాధారణంగా 3 నుంచి 8 రోజులు అంటుతుంది. కానీ పసిపిల్లల నుంచి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ల నుంచి నాలుగు వారాల దాకా రావచ్చు.

ఆటలమ్మ అని మనం పిలిచే చికెన్‌పాక్స్ అయితే పొక్కులన్నీ పక్కులు కట్టేదాకా అంటుతుంది. తట్టు అయితే దద్దు వచ్చిన తర్వాత 4 రోజుల దాకా. తట్టు ఉన్న మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా 2 గంటల వరకు ఆ గాలిలో వైరస్ ఉంటుంది. కాబట్టి తట్టు వచ్చినవాళ్లు ప్యాకింగ్ ఎక్కడ చేసుకోవాలా అని ఆలోచించే పనే లేదు, గది దాటకూడదు.

క్యాలెండర్ చూసి పండుగకు ఇంకా పది రోజులుంటే కంగారు పడకండి. మొదటి మూడు నాలుగు రోజులు పడుకోండి. నీరసంగా కూర్చుని రెండు గంటలు తంటాలు పడి చేసే ప్యాకింగ్, తగ్గాక అరగంటలో అయిపోతుంది.

ఇంట్లో నాకొక్కడికే జ్వరం. తప్పనిసరిగా చేయాల్సి వస్తే ఎక్కడ కూర్చోవాలి?

మీరు పడుకునే గదిలోనే. హాల్లోకి వచ్చి, పిల్లల మధ్య కూర్చుని రిబ్బన్లు కట్టడం వల్ల గిఫ్ట్ అందుకునేవాళ్లకు కాదు, మీ ఇంట్లోవాళ్లకే ముందు అంటుతుంది. ఇది చాలామంది మర్చిపోయే విషయం. ఎక్కడో ఉన్న బంధువుకు అంటుతుందేమోనని ప్యాకెట్‌ను నాలుగుసార్లు తుడుస్తారు, పక్కనే కూర్చున్న అమ్మ గురించి ఆలోచించరు.

కిటికీ తీసి పెట్టుకోండి. మాస్క్ వేసుకోండి. మాస్క్ వల్ల రెండు లాభాలు: మీ తుంపర కాగితం మీద పడదు, తెలియకుండానే చెయ్యి ముక్కు దగ్గరికి పోవడం తగ్గుతుంది. తడిస్తే మార్చేయండి. కత్తెర, టేపు, పెన్ను ఆ రోజుకు మీకు విడిగా ఉంచుకోండి. పూర్తయిన ప్యాకెట్లను ఒక పెద్ద సంచిలో వేసి గుమ్మం దగ్గర పెడితే బాగున్నవాళ్లు తీసుకెళ్తారు.

ఇంకో పద్ధతి నాకు బాగా నచ్చుతుంది: పని పంచుకోవడం. ఎవరికి ఏది, చీటీ మీద ఏం రాయాలి, ఏ రంగు కాగితం అనేవి మంచం మీంచే ఫోన్‌లో చెప్పండి. చేతులు వేరేవాళ్లవి.

టేపును పళ్లతో తెంచడం, కవర్‌ను నాలుకతో తడిపి అంటించడం?

మానేయండి. జబ్బు లేనప్పుడు కూడా అది మంచి అలవాటేమీ కాదు. తడి దూది ఉంది, జిగురు పుల్ల ఉంది. బెలూన్లు నోటితో ఊదడం కూడా ఇందులోకే వస్తుంది, పంపు వాడండి. పెదవి మీద జ్వరపు పొక్కు ఉన్నా, గ్రంథులు వాచే మోనో జ్వరం ఉన్నా ఇది మరీ ముఖ్యం, రెండూ ఉమ్మి ద్వారా అంటేవే.

గ్లవ్స్ వేసుకుంటే సరిపోతుందా?

గ్లవ్స్ వేసుకున్న చేత్తోనే ముక్కు తుడుచుకుని అదే చేత్తో డబ్బా పట్టుకుంటే చర్మానికి బదులు రబ్బరు అంటింది, అంతే తేడా. శుభ్రంగా కడిగిన ఉత్త చేతులే నయం. ప్యాకింగ్ మొదలుపెట్టే ముందు, దగ్గాక, తుమ్మాక, ముక్కు చీదాక కడుక్కోండి. లేవలేని పరిస్థితిలో ఉంటే, మీది జలుబు, ఫ్లూ లాంటిదైతే, కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ పక్కన పెట్టుకోండి. అది పూర్తిగా ఆరాకే కాగితం ముట్టుకోండి, లేకపోతే సిరా అలుక్కుపోతుంది.

ఇంట్లో చేసిన తినుబండారాలు ఇవ్వవచ్చా?

జ్వరంతో ఉండగా వండినవి వద్దు. ఫ్లూ, కోవిడ్ తిండి ద్వారా వ్యాపించే జబ్బులు కావు, అది నిజమే. ఉడికే వేడికి అవి చచ్చిపోతాయి, అదీ నిజమే. కానీ వండటం అక్కడితో అయిపోదు. చల్లారబెట్టడం, ముక్కలు కోయడం, పైన అలంకరించడం, డబ్బాల్లో సర్దడం అన్నీ పొయ్యి దించాకే జరుగుతాయి. అప్పుడు దగ్గు వస్తే ఆ తర్వాత వేడి తగిలేది ఏదీ లేదు. నోరోవైరస్ అయితే మామూలుగా వెచ్చచేసే వేడికి లొంగదు, 60 డిగ్రీల సెల్సియస్ వేడిని కూడా తట్టుకోగలదు.

పచ్చకామెర్లు తెప్పించే హెపటైటిస్ ఎ గురించి విడిగా చెప్పాలి. ఇది మలం నుంచి చేతికి, చేతి నుంచి తిండికి చేరుతుంది. లక్షణాలు కనిపించడానికి రెండు వారాల ముందు నుంచే అంటుతుంది, కళ్లు పచ్చబడ్డాక సుమారు వారం దాకా ఉంటుంది. ఈ జబ్బు అని తెలిసినవాళ్లు డాక్టర్ సరే అనేదాకా ఇతరుల కోసం ఏమీ వండకూడదు. తెలియడానికి ముందు వండి ఇచ్చేసి ఉంటే, తిన్నవాళ్లకు మొహమాటం లేకుండా వెంటనే చెప్పాలి. రెండు వారాల లోపు టీకా వేయించుకుంటే జబ్బు రాకుండా ఆపే వీలుంది, ఆలస్యం చేస్తే ఆ అవకాశం పోతుంది.

తిండే ఇవ్వాలని ఉంటే కంపెనీ సీలు వేసిన ప్యాకెట్లు కొనివ్వండి. లేదా పొడి దినుసులు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చేత కొలిపించి సీసాలో పోయించి, ఎలా వండుకోవాలో చీటీ రాసి కట్టండి.

అల్లిన స్వెటర్, కుట్టిన బట్ట, చేత్తో చేసిన బొమ్మ?

ఇవి నిశ్చింతగా చేసుకోవచ్చు, జ్వరం తగ్గి మంచం మీద కూర్చునే ఓపిక వచ్చాక. ఊలు, నూలు మీద ఫ్లూ లాంటి వైరస్‌లు ఎక్కువసేపు బతకవు. పైగా ఇచ్చేముందు ఎలాగూ ఒకసారి ఉతుకుతారు. ఆ బట్ట తట్టుకునేంత వేడి నీళ్లు, మామూలు సబ్బుపొడి, పూర్తిగా ఆరబెట్టడం చాలు. వేడి నీళ్లు పడని ఊలును చల్లటి నీళ్లలో ఉతికి రెండు మూడు రోజులు ఆరేసి ఉంచండి. వాంతులు, విరేచనాల సమయంలో అల్లినదైతే వేడి నీళ్లలో ఉతకడానికి వీలైనప్పుడే ఇవ్వండి.

పసిపిల్లలకు ఇచ్చే బొమ్మల మీద కాస్త ఎక్కువ పట్టింపు ఉండాలి. పెద్దవాళ్లు ప్యాకెట్ విప్పి వస్తువు పక్కన పెడతారు. ఏడాది పిల్ల మాత్రం మొదట నోట్లో పెట్టుకుంటుంది. గట్టి బొమ్మలను సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, ఆరాక చుట్టండి. చుట్టే పని వేరేవాళ్లకు ఇస్తే ఇంకా మంచిది.

గిఫ్ట్‌లన్నీ చుట్టేసిన మర్నాడే నాకు లక్షణాలు మొదలయ్యాయి. ఇప్పుడేం చేయాలి?

ఫ్లూ, కోవిడ్ లక్షణాలకు ముందే అంటుతాయి కాబట్టి మీ అనుమానంలో అర్థముంది. కానీ విప్పి మళ్లీ చుట్టక్కర్లేదు. మీ చేత్తో మళ్లీ ముట్టుకుంటే అసలు పని మొదటికొస్తుంది. ఎవరూ కదపని చోట మూడు రోజులు అలా వదిలేయండి. అంతకంటే ముందే ఇవ్వాల్సి వచ్చినా పెద్ద ప్రమాదం లేదు, విప్పాక చేతులు కడుక్కోమని ఒక మాట చెబితే సరి. మర్నాడు మొదలైనవి వాంతులైతే మూడు రోజుల లెక్క పనికిరాదు. కాగితం మార్పించి, లోపలి వస్తువు బ్లీచ్‌కు తట్టుకునేదైతే పైన చెప్పినట్టు తుడిపించండి.

శానిటైజర్ చల్లడం, ఫ్రిజ్‌లో పెట్టడం, యూవీ లైటు, ఎండ: వీటిలో ఏది పనిచేస్తుంది?

కాగితం మీద శానిటైజర్ చల్లితే మరకలు పడతాయి, ప్రయోజనం కొంచెం. ఫ్రిజ్ ఆలోచన అసలు తలకిందులు. చలి వైరస్‌లను చంపదు, భద్రంగా దాచిపెడుతుంది. ప్రయోగశాలల్లో వాటిని నిల్వ చేసేదే గడ్డకట్టించి. యూవీ టార్చిలు నీడ పడిన చోట, మడతల్లో పనిచేయవు, సరిగ్గా వాడకపోతే కళ్లకు, చర్మానికి హాని. ఎండ కొంత మేలు చేస్తుంది, రంగు వెలసినా పర్వాలేదనుకునే వస్తువులకు. అన్నిటికంటే చవకైన మందు కాలమే. పొడిగా, గది వేడిలో, కదపకుండా ఉంచడం.

కొరియర్‌లో పంపితే?

శ్వాస సంబంధ వైరస్‌ల విషయంలో మంచి పరిష్కారం, ఎందుకంటే ప్రయాణంలో పట్టే రోజులే మీకు కావాల్సిన వ్యవధి. డెలివరీ మనిషికి ఎదురెళ్లి మాట్లాడుతూ ఇవ్వకండి. మాస్క్ వేసుకుని పార్సిల్ గుమ్మం బయట పెట్టి లోపలికి రండి.

నేనే వెళ్లి ఇచ్చి, రెండు నిమిషాలు ఉండి వచ్చేస్తాను. ఏమవుతుంది?

గిఫ్ట్ కంటే ఆ రెండు నిమిషాలే ప్రమాదం. రెండు నిమిషాలు ఎక్కడా రెండు నిమిషాలుగా ఆగవు కూడా. లోపలికి రమ్మంటారు, కూర్చోబెడతారు, మాస్క్ తీసి ఏదైనా తీసుకోమంటారు. వద్దంటే బాగుండదని మీరు తీస్తారు. ఇంకా ఇతరులకు అంటించే దశలో ఉంటే వెళ్లకండి, ఎవరి చేతనైనా పంపండి. తప్పదంటే ఆరుబయట, ఎన్‌95 లాంటి గట్టి మాస్క్‌తో, గేటు దగ్గరే ఇచ్చి తిరిగిరండి.

ఆ ఇంట్లో పసిపాప, గర్భిణి, బాగా పెద్దవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఎవరున్నా ఈ తప్పదు అనే మాటే వద్దు. మీకు మూడు రోజుల ముక్కు కారడం అనిపించిన ఆర్‌ఎస్‌వీ చంటిపిల్లను ఆస్పత్రిలో చేర్చగలదు. గర్భిణికి ఇంతకుముందు చికెన్‌పాక్స్ రాకపోయి ఉంటే, టీకా కూడా లేకపోతే, అది తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదం.

గిఫ్ట్ తీసుకునేవాళ్లకు నా జబ్బు సంగతి చెప్పాలా?

చెప్పడమే మర్యాద అని నా అభిప్రాయం. మీకు అనవసరం అనిపించిన సమాచారం వాళ్ల ఇంటి పరిస్థితికి చాలా అవసరం కావచ్చు, అది మీకు తెలియకపోవచ్చు. పెద్ద వివరణ అక్కర్లేదు. "నాకు నాలుగు రోజులుగా ఫ్లూ. మీ ప్యాకెట్ మా తమ్ముడు చుట్టాడు. అయినా ఒకటి రెండు రోజులాగి విప్పండి" అని మెసేజ్ పెడితే చాలు. ఎవరైనా వద్దంటే నొచ్చుకోకండి.

మందులు వేసుకుని ఈ పనులు చేయడంలో ఇబ్బంది ఉందా?

ఉంది, దీన్ని ఎవరూ అడగరు. కొన్ని జలుబు, దగ్గు మందులు బాగా నిద్ర తెప్పిస్తాయి. ఆ మగతలో పదునైన కత్తి, వేడి గ్లూ గన్, కరిగిన మైనం, కుట్టు మిషన్ జోలికి పోవద్దు. వాసన తెలియకుండా పోయినవాళ్లు పొయ్యి దగ్గర ఒంటరిగా పనిచేయకూడదు. గ్యాస్ లీకైనా, ఏదైనా మాడుతున్నా పసిగట్టలేరు. అత్తరు, సువాసన కొవ్వొత్తులు లాంటివి ఎంచడం కూడా ముక్కు పనిచేసేదాకా వాయిదా వేయండి, లేకపోతే మీకు వాసన తగలడం లేదని మోతాదు పెంచేస్తారు.

పిల్లాడికి జ్వరం. బోర్ కొడుతోందని గ్రీటింగ్ కార్డులు చేస్తానంటున్నాడు.

చేయనివ్వండి. కూర్చునే ఓపిక ఉంటే ఇంతకంటే మంచి కాలక్షేపం లేదు. చేసిన కార్డులను ఒక కవర్లో వేసి మూడు రోజులు పక్కన పెట్టి పంచండి. లేదా ఫోటో తీసి పంపండి, తాతయ్య అమ్మమ్మలకు అది అప్పుడే అందుతుంది. స్కెచ్ పెన్నుల మూతలు నోటితో తీసే అలవాటుంటే ఆ పెన్నులు తోబుట్టువులకు ఇవ్వకండి.

హ్యాండ్ ఫుట్ మౌత్ అనే పొక్కుల జబ్బయితే కొంచెం కఠినంగా ఉండాలి. దాని వైరస్‌కు కూడా పై పొర ఉండదు, శానిటైజర్‌కు అంత తేలిగ్గా లొంగదు, తగ్గాక కూడా వారాల పాటు మలంలో పోతుంది. ఈ కార్డులను ఫోటోల రూపంలోనే పంపండి.

పండుగ రోజుకు ఎలాగూ తయారు కావు. ఏం ఇవ్వను?

ఆన్‌లైన్‌లో కొని నేరుగా వాళ్ల చిరునామాకు పంపడం, గిఫ్ట్ కార్డు, ఫోన్‌లో ఓ వీడియో సందేశం. లేదా ఏమీ ఇవ్వకుండా, తగ్గాక వస్తానని చెప్పడం. పండుగ అయ్యాక ఇచ్చిన గిఫ్ట్‌ను ఎవరూ వెనక్కి పంపరు.

మిగిలిన కాగితం చుట్టలు, రిబ్బన్లు, కత్తెర వచ్చే ఏడాదికి దాచుకోవచ్చా?

జలుబు, ఫ్లూ, కోవిడ్ అయితే నిరభ్యంతరంగా. కత్తెర, టేపు స్టాండు సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టండి, కాగితం అలాగే అటక ఎక్కించేయండి. వాంతులైన గదిలో ఉన్న తెరిచిన కాగితం చుట్టలు మాత్రం పారేయండి. కత్తెరకు బ్లీచ్ నీళ్లు తగిలాక మంచినీళ్లతో కడిగి వెంటనే తుడవండి, లేకపోతే తుప్పు పడుతుంది.